చేటలో చిల్లర, పెట్టెలో పాత రూపాయలు: నాణేల సేకరణ దేనితో మొదలుపెట్టాలి?

నాణేలు పోగేద్దామని ఆశపడేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపుగా ఒకటే. "మా ఇంట్లో తాతగారి కాలం నాటి రూపాయి బిళ్లలు కొన్ని ఉన్నాయండీ. వాటితో మొదలుపెట్టమంటారా, లేకపోతే రోజూ చేతికొచ్చే చిల్లర ఏరుకోమంటారా?"

నా సలహా ఇది. కన్ను చిల్లర మీద పెట్టండి, కలం పెట్టె మీద పెట్టండి. నాణేన్ని చూడటం చిల్లరతోనే నేర్చుకోవాలి, ఎందుకంటే అక్కడ తప్పు చేసినా పోయేది ఏమీ లేదు. పెట్టెలో ఉన్నవాటిని మాత్రం తోమకుండా, అమ్మకుండా, ఎవరికీ ఇవ్వకుండా ఉంచి, వాటి సంగతి తెలిసిన పెద్దవాళ్లను ఈ నెలలోనే కూర్చోబెట్టి రాసుకోవాలి. వెండి రూపాయి ఇంకో యాభై ఏళ్లయినా అలాగే ఉంటుంది. మామ్మ ఉండదు. ఈ వరుస తిరగేసి, ముందు పెట్టె తెరిచి బిళ్లలు తళతళలాడేలా తోమేసి, ఫోటో తీసి ధర అడిగేవాళ్లను శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ చాలామందిని చూశాను. అందులో ఒకప్పుడు నేనూ ఉన్నాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

రెండు చోట్లా దొరికేవి వేరు

చాలామంది ఈ రెండూ ఒకే పనికి రెండు దారులనుకుంటారు. కాదు. మధ్యలో ఒక గట్టు ఉంది. 2011 జూన్ 30తో పావలా, అంతకంటే చిన్న నాణేలన్నీ చెలామణి నుంచి తీసేశారు. అర్ధరూపాయి చట్టప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, కానీ తీసుకునే కొట్టు దొరకడం కష్టం. అందుకని ఇవాళ మీ జేబులో తిరిగేది ఒకటి, రెండు, ఐదు, పది, ఇరవై రూపాయలే. వాటిలో కూడా ఎక్కువగా 1990ల నుంచి ఇటువైపువి.

గట్టుకు అవతల ఉన్నదంతా ఇంటి పెట్టెలోనే. 1957 ఏప్రిల్ 1 ముందు రూపాయికి 16 అణాలు. అణాకు నాలుగు కాణీలు, లేదా పన్నెండు దమ్మిడీలు. రెండణాలైతే బేడ, నాలుగైతే పావలా. ఆ రోజు నుంచి రూపాయికి 100 నయా పైసలయ్యాయి. 1964లో 'నయా' అన్న మాట తీసేశారు.

ఈ రెండు కాలాలకీ మధ్యలో ఉన్న అల్యూమినియం నాణేలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఆరు పలకల మూడు పైసలు, నలుపలకల పైసా, అలలలాంటి అంచుతో రెండు పైసలు, పది పైసలు. పెట్టె తెరిచినవాళ్లు ముందు వెండి ఏరుకుని, వీటిని డబ్బా అడుక్కి తోసేస్తారు. అలా తోయకండి. 1970లలో ఆహార ఉత్పత్తి, కుటుంబ నియంత్రణ, పొదుపు, ఆడవాళ్ల సమానత్వం లాంటి మాటలతో పది పైసల నాణేలు వరసగా వచ్చాయి. అప్పటి ప్రభుత్వం జనానికి ఏం చెప్పాలనుకుందో ఆ చిన్న బిళ్లల మీద కనిపిస్తుంది. 1968 నుంచి 1971 దాకా వచ్చిన పసుపుపచ్చ ఇరవై పైసల మీద తామరపువ్వు ఉంటుంది. ఆ పువ్వు, ఆ రంగు చూసి లక్ష్మీపూజలో వాడినవాళ్లు చాలామంది. అందుకే అది దేవుడి గదిలో కుంకుమ భరిణె పక్కన దొరికే అవకాశం ఎక్కువ. అది బంగారం కాదు, ఇత్తడి లాంటి లోహం.

చిల్లర: నష్టం లేని బడి

చిల్లర దారిలో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే, ఐదు రూపాయల బిళ్ల కొనడానికి అయ్యేది ఐదు రూపాయలే. వద్దనుకుంటే టీ తాగి ఇచ్చేయొచ్చు. టెన్షన్ లేదు, మోసం లేదు. పదేళ్ల పిల్లల చేతికి కూడా ఇవ్వొచ్చు.

కావలసినవి ఒక చేట, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, చిన్న అయస్కాంతం, నోటుబుక్కు. చేట ఎందుకంటే, బియ్యంలో రాళ్లు ఏరిన ఇంట్లో అందరికీ దానితో చూడటం అలవాటే. ఒకసారి చెరిగితే బిళ్లలన్నీ ఒకే వరసలో పరుచుకుంటాయి. పళ్లెంలో ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

రెండు రూపాయల బిళ్లలు ఒక వంద చేటలో పోశారనుకోండి. ముందు అయస్కాంతం ఆడించండి. కొన్ని అంటుకోవు. అవి 11 పలకల పాతవి, భారతదేశం పటం ఉన్నవి, రాగి నికెల్ కలిపి చేసినవి. అంటుకునేవి స్టీలువి. వాటిలో మళ్లీ తేడాలున్నాయి. 2005 తర్వాత వచ్చినవాటి మీద అడ్డంగా నిలువుగా గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ ఉంటాయి. ఆ తర్వాతివాటి మీద నాట్యముద్రలో రెండు వేళ్లు చూపించే చెయ్యి ఉంటుంది. 2011 నుంచి రూపాయి గుర్తు వచ్చింది. 2019 వరసలో ధాన్యం కంకులొచ్చాయి. 2022లో వచ్చిన అమృత మహోత్సవం గుర్తువి ఇప్పుడు చేతికి బాగానే తగులుతున్నాయి.

ఇప్పుడు భూతద్దం తీసుకుని సంవత్సరం అంకె కింద చూడండి. ఏ టంకశాలలో కొట్టారో అక్కడ ఉంటుంది. ఐదు మొనల నక్షత్రం ఉంటే హైదరాబాదు. వజ్రం ఆకారం ఉంటే ముంబై. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. చదవడానికి తేలికే గానీ చేటలో అంత తేలిక కాదు. పదిహేనేళ్లు చేతులు మారిన బిళ్ల మీద నక్షత్రం మొనలరిగి చుక్కలా కనిపిస్తుంది. వజ్రం కూడా అంతే. నేను మొదట్లో నోయిడావని రాసుకున్న ఎన్నో బిళ్లలు నిజానికి హైదరాబాదువి. దీనికి ఒక ఉపాయం ఉంది. దీపం నెత్తి మీద కాకుండా పక్కన, కింద పెట్టి, బిళ్లను మెల్లగా తిప్పండి. వెలుతురు అడ్డంగా పడితే నక్షత్రానికి నీడ పళ్లు పళ్లుగా పడుతుంది, చుక్కకు గుండ్రంగా పడుతుంది. ఈ ఒక్క అలవాటు చేతికొస్తే పెట్టె తెరిచే అర్హత సగం వచ్చినట్టే. ఐదో జార్జి వెండి రూపాయల్లో బొంబాయివాటిని గుర్తుపట్టించేది కూడా ఇలాంటి చిన్న చుక్కే.

చిల్లర ఎక్కడ దొరుకుతుందన్నది మన ఊళ్లలో సమస్య కాదు. మీకు తెలిసిన కిరాణా కొట్టుకు సాయంత్రం నోట్లు పట్టుకెళ్లండి, అంతే. ఆదివారం అరసవల్లి దారిలో పూజాసామగ్రి అమ్మే కొట్లలో గల్లా పెట్టెలు బరువెక్కుతాయి. బ్యాంకులో అడిగితే రూపాయి, రెండు రూపాయలు వంద బిళ్లల కవర్లలో ఇస్తారు. కొత్తవి కావడంతో అన్నీ ఒకే సంవత్సరానివి రావచ్చు. మెరిసే నమూనా ఒకటి దాచుకోవడానికి బాగుంటాయి గానీ వెతుకులాటకు పనికిరావు. వెతకడానికి గల్లా పెట్టె చిల్లరే మేలు. ఏరగా మిగిలినవి తిరిగిచ్చేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. చట్టప్రకారం ఒక చెల్లింపులో రూపాయి, ఆపై నాణేలు 1000 రూపాయల దాకానే. అర్ధరూపాయలైతే పది రూపాయల దాకానే. అంతకు మించితే అవతలివాళ్లు కాదనొచ్చు.

అన్నీ ఒకేసారి పోగేయకండి. ఒక్క విలువ పట్టుకోండి. ఏదని అడిగితే నేను ఐదు రూపాయలంటాను. పది రూపాయల మీద మన వైపు ఏళ్ల తరబడి అనుమానాలు నడిచాయి. రూపాయి గుర్తు లేదని, గీతలు పదిహేను ఉన్నాయని చాలా కొట్లలో తీసుకునేవారు కాదు. రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని స్పష్టంగా చెప్పినా ఆ భయం పూర్తిగా పోలేదు. అందుకని పదివి చేతికి తక్కువగా వస్తాయి. ఐదైతే ఆగకుండా తిరుగుతుంది. పైగా దానిలో చరిత్ర ఉంది. 1992 నుంచి వచ్చిన రాగి నికెల్ బిళ్ల 9 గ్రాములు, చేతిలో పడితే బరువు తెలుస్తుంది. ఆ బిళ్లల్ని దొంగతనంగా సరిహద్దు దాటించి, కరిగించి బ్లేడ్లు చేస్తున్నారని వార్తలొచ్చాయి. 2007లో పల్చటి స్టీలు వచ్చింది, 2009లో పసుపు రంగుది. వీటికి తోడు ఎవరో ఒకరి జ్ఞాపకంగా వచ్చినవి ఎన్నో ఉన్నాయి. మహావీరుడు, దాదాభాయ్ నౌరోజీ, లాల్ బహదూర్ శాస్త్రి, దండి యాత్ర, బసవేశ్వరుడు, తంజావూరు బృహదీశ్వరాలయం, రవీంద్రనాథ్ ఠాగూర్, వివేకానందుడు. వీటిలో సగం చేటలోనే దొరుకుతాయి. మిగతా సగం కోసం ఏళ్లు పట్టొచ్చు. ఆ ఎదురుచూపే ఈ సరదాలో రుచి.

చిల్లరలో ఉన్న లోటు కూడా చెప్పాలి. డబ్బు రాదు. దొరికేవాటిలో నూటికి తొంభై తొమ్మిది దాని ముఖవిలువకే చెల్లుతాయి. అదృష్టం తగలాలని కూర్చుంటే నెలలో విసుగొస్తుంది. చూడటం నచ్చినవాళ్లకే ఈ దారి.

పెట్టె: తేదీకి, మాటకి మధ్య

మా పెట్టెలో ఉన్నది ఒక గుడ్డ సంచి, నడుముకి కట్టుకునేది. అందులో ఏడు వెండి రూపాయలు, ఒక బొక్క కాణీ. మా తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినవాడు. శ్రీకాకుళం తీరాన ఆ తరంలో బర్మా వెళ్లని కుటుంబం అరుదు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. తర్వాతి ఏడాది తాత ఇంటికి చేరాడు. మామ్మ ఎప్పుడూ ఒకటే చెప్పేది: "ఇయన్నీ మీ తాత రంగం నించి నడుంకి కట్టుకొచ్చిన డబ్బులే బాబూ."

ఏళ్ల తరబడి నేనూ అదే నమ్మాను. చిల్లరతో కన్ను కాస్త పదునెక్కాక ఒక రోజు వాటిని తేదీల వరసలో పరిచాను. విక్టోరియావి రెండు, 1862, 1901. ఐదో జార్జివి మూడు, 1912, 1917, 1919. ఆరో జార్జివి రెండు, 1940, 1945. అక్కడ ఆగిపోయాను. 1942లో వచ్చిన మనిషి 1945 రూపాయి ఎలా తెస్తాడు? బొక్క కాణీ కూడా అంతే. అవి 1943 నుంచి 1947 దాకా వచ్చినవి. మామ్మ దగ్గరికి తీసుకెళ్లి ఆ రూపాయిని చేతిలో పెట్టి అడిగాను. చూపు ఆనదు కాబట్టి బొటనవేలితో తడిమింది. చాలాసేపటికి అంది: "అదా... అది రంగంది కాదు. మీ పెద్దత్త పుట్టినపుడు మాయమ్మ వచ్చి పిల్ల సేతిలో ఎట్టింది. సంచిలో ఏసీసినాను, మరిసిపోనాను."

ఆ మాట ముందు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు మరి. తేదీ ప్రశ్న అడిగింది, మామ్మ జవాబు చెప్పింది. పెట్టె దారిలో ఉన్న అసలు సంపద ఇదే, ఇది చిల్లరలో దొరకదు. అందుకే పెట్టెతో మొదటి పని నోటుబుక్కు పని. ఒక్కో బిళ్లకు ఒక్కో నెంబరు. రెండు వైపులా ఫోటో. బరువు. ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చింది. చెప్పింది ఎవరు, ఏ రోజున. మాటను వాళ్ల మాటల్లోనే రాయండి, సరిచేయకండి.

ఏముందో తెలుసుకోవడానికి కొన్ని గుర్తులు చెప్తాను. బ్రిటిషు రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా పాత లెక్కలో తులం. పాత కంసాలులు రూపాయినే తులం రాయిగా వాడేవారు. 1939 దాకా వచ్చినవాటిలో పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. 1940 నుంచి సగమే వెండి, అంచు మీద గాట్ల మధ్య ఒక గాడి కూడా వచ్చింది. 1947 రూపాయి మీద వెనకవైపు పులి ఉంటుంది. అది వెండి కాదు, నికెల్, అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది. పులి ఉందని వెండి ధరకు కొనేవాళ్లూ ఉన్నారు, అమ్మేవాళ్లూ ఉన్నారు.

1862 అని ఉంటే అది 1862లోనే చేసిందని అనుకోకండి. ఆ తేదీని మార్చకుండా 1874 దాకా కొడుతూనే పోయారు. నాణెం మీదున్న చిన్న చుక్కల లెక్క చూసి తర్వాతి ఏళ్లవని పోల్చుకుంటారు. 1911 అని ఉన్న ఐదో జార్జి రూపాయి దొరికితే మాత్రం ఊపిరి బిగబట్టి చూడండి. రాజు వేసుకున్న హారంలో ఏనుగు బొమ్మ ఉంటుంది. దాని తొండం పొట్టిగా ఉండటంతో జనానికి పందిలా కనిపించింది. గొడవ లేచి ఆ రూపాయల్ని వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించేశారు. 1912 నుంచి తొండం సరిచేశారు. మా 1912 బిళ్ల మీద భూతద్దం పెట్టి ఆ చిన్న తొండాన్ని చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. 1939 తేదీ ఉన్న ఆరో జార్జి రూపాయి చాలా అరుదు, అందుకే దొంగవి కూడా ఎక్కువ. మీ పెట్టెలో అది కనిపిస్తే సంతోషపడే ముందు తెలిసినవాళ్లకు చూపించండి.

యుద్ధం అయ్యేదాకా బర్మాలోనే ఉండిపోయినవాళ్ల ఇళ్లలో జపాను వాళ్లు అచ్చేసిన రూపాయి నోట్లు కూడా కనిపిస్తాయి. వాటి మీద ఉండే కోడ్ అక్షరాలు ఇంగ్లీషు 'బి'తో మొదలవుతాయి. యుద్ధం అయిపోగానే అవి చిత్తుకాగితాలయ్యాయి. అయినా పారేయకండి, మడత విప్పి, వెడల్పాటి పుస్తకంలో పెట్టండి.

కొక్కెం అతికించిన బిళ్లలు దొరికితే? కాసులపేరులోవి, చిన్నపిల్లల మొలతాడులోవి, సీతంపేట వైపు సవర ఆడవాళ్ల దండల్లోవి. సేకరించేవాళ్ల లెక్కలో వాటి ధర తగ్గిపోతుంది. కానీ కొక్కెం ఊడదీసి బాగుచేద్దామనుకోకండి. అతుకు మచ్చ ఎలాగూ ఉండిపోతుంది. ఆ బిళ్ల ఎవరి మెడలో ఉందో చెప్పే గుర్తు మాత్రం పోతుంది.

తోమడమా, వదిలేయడమా

ఇందులో పోలికేమీ లేదు. వదిలేయాలి.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక దీపావళికి ఆ 1862 రూపాయిని చింతపండుతో రుద్ది, ఆపైన పళ్లపొడితో తోమాను. మెరిసింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత భూతద్దం కింద చూస్తే రాణి చెంప మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకి, నా వేలు నడిచిన దారిలోనే. వందేళ్లకు పైగా వెండి మీద చేరిన బూడిదరంగు పొర ఒక్క పూటలో పోయింది. జుట్టు ముడి దగ్గర లోతుల్లో మాత్రం కాస్త మిగిలింది. అది తిరిగి రాదు. ఆ గీతలు చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

మట్టి పట్టి ఉంటే బ్యాటరీలో పోసే నీళ్లలాంటి స్వేదనజలంలో ఒక రాత్రి నానబెట్టండి. తీసి మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి అద్దండి. రుద్దొద్దు. నిమ్మకాయ, చింతపండు, బూడిద, వెండి మెరుగు ద్రావకాలు, ఏవీ వద్దు. వరలక్ష్మీ వ్రతానికి బిళ్ల కావాలంటే ఒక్కదాన్ని దానికే కేటాయించండి. మిగతావి ఆ పళ్లెంలోకి రాకుండా చూడండి.

మూడో దారి: కొనడం

కొనొచ్చు, కానీ మొదటి ఏడాది వద్దు. కన్ను తయారు కాకముందు కొనేవాళ్ల కోసమే దొంగ సరుకు తయారవుతుంది. ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనే తేదీ, ఒకవైపు హనుమంతుడో రామపట్టాభిషేకమో ఉన్న రాగి బిళ్లలు సంతల్లో కనిపిస్తుంటాయి. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. దేవుడి బొమ్మ కాబట్టి ఇంట్లో పెట్టుకోవాలనిపిస్తే యాభై రూపాయలకు కొనుక్కోండి. పురాతన నాణెమని వేలు పోయకండి.

ఫోనులో వచ్చేవి ఇంకో రకం. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామంటారు. ఆ నాణెం 2012లో మామూలుగా చెలామణికి వచ్చింది, మీ చేటలో కూడా పడొచ్చు. మీ ఫోటో చూసి ఒప్పుకున్నట్టు మాట్లాడి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు. తర్వాత జీఎస్టీ అంటారు. మా బంధువుల్లో ఒకరు రెండు విడతలు కట్టాకే అనుమానపడ్డారు. తమ పేరు వాడి పాత నాణేలు, నోట్లు కొంటామని కమిషన్, పన్ను అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. కొనేవాడు మీకు డబ్బిస్తాడు. మీ దగ్గర అడిగాడంటే అక్కడితో ఫోను పెట్టేయండి.

నమ్మకంగా కొనదగినవి ప్రభుత్వ టంకశాల నేరుగా అమ్మే స్మారక నాణేలు. 2023లో ఎన్టీఆర్ శతజయంతికి వచ్చిన వంద రూపాయల నాణెం అలాంటిదే, హైదరాబాదులో కొట్టింది, సగం వెండి. అది చిల్లరలో రాదు, పెట్టెలో ఉండదు. కొనుక్కోవాల్సిందే.

పొలంలో దొరికినవాటిని సేకరణలో కలపకూడదు. మా శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం ఒకప్పుడు గంగరాజుల రాజధాని. అటు దంతవక్తుని కోట, ఇటు బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం. ఆ చుట్టుపక్కల దున్నుతుంటే ఏదైనా తగలొచ్చు. గంగరాజుల బంగారు నాణేలు మెంతిగింజకన్నా కొంచెం పెద్దవి, అర గ్రాము లోపే. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నుంచి చట్టం ఉంది. దాచిపెడితే మీకే ముప్పు. నాణెం ఎక్కడ, ఏ లోతులో దొరికిందో ఆ సమాచారం కూడా పోతుంది.

అమ్మాల్సి వస్తే

అవసరాలు వస్తాయి. అమ్మడం తప్పేమీ కాదు. వెండి కొట్టుకు వెళ్లాలా, నాణేలు కొనేవాళ్ల దగ్గరికి వెళ్లాలా అన్నదే ప్రశ్న.

వెండి కొట్లో మీ బిళ్ల ఒట్టి లోహం. 1939 లోపు రూపాయిలో 10.69 గ్రాముల వెండి, 1940 తర్వాతి దానిలో 5.83 గ్రాములు. అరిగినదైతే ఇంకా తక్కువ. ఆ రోజు ధరతో గుణించి, తరుగు తీసేస్తే వచ్చేదే మీకు కనీసం రావాల్సిన మొత్తం. ఈ లెక్క ఇంట్లోనే వేసుకుని వెళ్లండి. రెండు రకాల్నీ కలిపి ఇస్తే అన్నిటికీ సగం వెండి లెక్కే కట్టే ప్రమాదం ఉంది. వేరు చేసి ఇవ్వండి. ఒకసారి ఒక కొట్లో నేను వద్దనేలోపే మా 1917 రూపాయి అంచును గీటురాయి మీద రుద్దేశారు. ఇప్పటికీ ఆ చోట తెల్లగా చదునుగా ఉంటుంది. బిళ్లను చేతి నుంచి వదలకముందే "గీయకండి బాబూ" అని చెప్పాలని ఆ రోజు తెలిసింది.

మామూలు తేదీ, బాగా అరిగిన బిళ్ల అయితే రెండు చోట్లా పెద్ద తేడా ఉండదు. తొండం సందేహంగా ఉన్న 1911, లేదా ముద్ర చెక్కుచెదరనిది అయితే వెండి కొట్టు గడప తొక్కకండి. కనీసం ఇద్దరు నాణేల వ్యాపారులకు చూపించండి. అమెరికాలో ఉన్న మేనల్లుడు పంపించమంటే మాత్రం కుదరదు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దేశం దాటించకూడదు. సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడే చూపించండి.

ఏది ఎవరికి

ఇంట్లో పెట్టె లేనివాళ్లు, పిల్లలు, నెలకు వంద కూడా ఖర్చు పెట్టలేనివాళ్లు చిల్లరతోనే మొదలుపెట్టండి. ఎవరికీ తీసిపోరు. పెట్టె ఉండి, దాని కథ తెలిసినవాళ్లు ఎనభై దాటి ఉంటే, చేట పక్కన పెట్టి రేపే నోటుబుక్కు పట్టుకెళ్లండి. ఆ రాత పూర్తయ్యాక పెట్టె మూసేసి ఆరు నెలలు ఐదు రూపాయలు ఏరండి. తిరిగి తెరిచినప్పుడు అవే బిళ్లల మీద అంతకుముందు కనిపించనివి కనిపిస్తాయి. అన్నదమ్ముల మధ్య పంచుకోవాల్సిన పెట్టె అయితే పంచకముందే అన్నిటికీ కలిపి ఫోటోలు, రాత పూర్తి చేయండి. విడిపోయాక ఏది ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు.

దాచడం గురించి కాస్త గట్టిగా చెప్పాలి, మనది సముద్రపు గాలి. మెత్తటి ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లు చౌకగా వస్తాయి. వాటిలో చాలావాటిని పీవీసీతో చేస్తారు. కొన్నాళ్లకు నాణెం మీద పచ్చటి జిడ్డు పుడుతుంది, రాగిని తినేస్తుంది. మధ్యలో సన్నటి పారదర్శక కిటికీ ఉన్న అట్ట కార్డులు మేలు, వాటి మీద రాసుకోవచ్చు కూడా. రబ్బరు బ్యాండు, పాత న్యూస్‌పేపరు వెండిని నల్లబరుస్తాయి. పసుపు, కుంకుమ మరకలు వేస్తాయి. మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలు పారేయకుండా డబ్బాలో వేయండి, ఏడాదికోసారి మార్చండి. డబ్బా నేల మీద వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్లో మోకాలి లోతు నీళ్లొచ్చాయి. మంచం కింద ట్రంకు పెట్టె తడిసింది, గుడ్డ సంచి కుళ్లిపోయింది. బిళ్లలు బాగానే ఉన్నాయి. సంచి లోపల పెట్టిన చీటీలు మాత్రం సిరా కరిగి తెల్లకాగితాలయ్యాయి. నోటుబుక్కు అటక మీద ఉండటంతో మళ్లీ రాయగలిగాను.

ఇప్పుడు ఒక్కో కార్డు మీద పెన్సిలుతో రాస్తున్నాను, అది నీళ్లకు కరగదు. ఏడో కార్డు మీద ఇలా ఉంది: "1945. రంగంది కాదు. పెద్దత్త పుట్టినప్పుడు మామ్మ వాళ్లమ్మ ఇచ్చింది. చెప్పింది మామ్మ."